బడే మియా

ఇండియా, పాకిస్తాన్ క్రికెట్ ఆడే రోజున మా మొహాల్లో ఏదో వెతుకుతారు. ఎవరు గెలవాలని ఉందని నవ్వుతూనే అడుగుతారు. పార్వతీపురంలో, ఇంట్లో ఉర్దూ బజారులో తెలుగు మాట్లాడే మేము కొద్దిమందిమి. మేమూ నవ్వేసి ఊరుకుంటాం. ఫుట్‌బాల్ గురించి మమ్మల్నెవరూ అడగలేదు. అడిగితే మహ్మద్ హబీబ్ పేరు చెప్పేవాళ్లం.

హబీబ్ సాబ్ 1949 జూలై 17న హైదరాబాద్‌లో పుట్టారు. పోలీసు యాక్షన్ జరిగి అప్పటికి ఏడాదైనా నిండలేదు. ఆ గాయాల నగరమే 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. గెలిచింది సిటీ పోలీసు జట్టు! దాన్ని తీర్చిదిద్దిన బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టుకూ శిక్షకుడై 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చారు. ఆ నేల మీద ఆట నేర్చిన కుర్రాడు హబీబ్.

1966లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. దేశ విభజనలో ఇల్లూ వాకిలీ వదిలి కట్టుబట్టలతో వచ్చిన హిందూ కాందిశీకులు తమదనుకున్న క్లబ్బు అది. మనకు నేర్పిన చరిత్ర ప్రకారం వాళ్లకు ముసల్మాను పేరంటేనే మండాలి. వాళ్లు ఈ దక్కనీ కుర్రాణ్ణి భుజాలకెత్తుకున్నారు. కలకత్తాకు ఆయన 'బడే మియా', తమ్ముడు అక్బర్ 'ఛోటే మియా'. మియా అన్న మాటను మన వైపు ఏ గొంతుతో పలుకుతారో పాఠకులకు చెప్పనక్కర్లేదు.

మహ్మడన్ స్పోర్టింగ్‌కూ ఆడారు గానీ, ఎక్కువ కాలం ఈస్ట్ బెంగాల్‌లో, మోహన్ బగాన్‌లోనే. పిలిచి ఇస్తామన్న ఉద్యోగాలు కాదని ఆటనే బతుకుతెరువు చేసుకున్నారు. నెల జీతం కోసం మొక్కని దర్గా లేని మా ఇళ్లలో అదెంత సాహసమో!

1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఆయనున్నారు. నాయకుడు నయీముద్దీన్, ఆయనా హైదరాబాదీయే. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఈ దేశానికి మరో పతకం లేదు. 1977 సెప్టెంబర్ 24న బురద బురదగా ఉన్న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌ను 2-2తో నిలువరించింది. అందులో ఒక గోలు హబీబ్‌ది. 1980లో అర్జున అవార్డు వచ్చింది.

చివరికి మతిమరుపు జబ్బు ఆయన్ను పట్టుకుంది. 2023లో హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆ రోజు ఆగస్టు 15. సాయంత్రం వార్త తెలిశాక, పొద్దున జెండా పండక్కి వెళ్లొచ్చిన పిల్లల్ని ఆయనెవరో తెలుసా అని అడిగాం. మా పిల్లలకూ తెలియదు.