ఆజ్ఞ యిచ్చు నోరు – ఆచరించు చేయి



నేడు నేను విన్నవింపదలచిన విషయము చరిత్రకు సంబంధించినది. అయినను అది నాకు మొదట బోధపడినది చరిత్ర గ్రంథములలో గాదు, నా తరగతి గదిలో. వెనుకటి బడులలో నొక యాచారముండెడిది. ప్రశ్నకు సరియైన జవాబు చెప్పిన బాలుడు, చెప్పలేనివారి ముక్కు పట్టుకొని చెంపపై కొట్టవలెను. నేనును కొంతకాలము ఆ యాచారమును పాటించితిని. ఒకనాడు మిక్కిలి సాధువైన యొక బాలుడు తన ప్రాణమిత్రుని చెంప కందిపోవునట్లు కొట్టెను. “అంత గట్టిగా నేల కొట్టితివిరా?” అని యడిగితిని. “మీరే కొట్టమన్నారు గదండీ” అనెను. వాని ముఖమున కోపము లేదు, పశ్చాత్తాపమును లేదు. కొట్టిన చేయి వానిది, కొట్టించిన నోరు నాది. ఈ పాపమెవరిదని యాలోచించినకొలది నాకు సిగ్గు కలిగెను. ఆనాటితో ఆ యాచారమును మానితిని.

ఈ చిన్న ప్రశ్నయే చరిత్రలో పెద్దదై కనబడును. అందులకు రెండు ఘట్టములను మనవి చేసెదను. రెండును ఒకే ప్రభుత్వపు సైన్యములో, 11 సంవత్సరముల యెడముతో జరిగినవి.

మొదటిది 1919వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన జరిగెను. అది పంజాబులో వైశాఖీ పండుగ దినము. అమృతసర్ నగరమున జలియన్‌వాలాబాగు అను ఆవరణలో వేలకొలది జనులు చేరియుండిరి. రౌలట్ చట్టమును నిరసించుటకు వచ్చినవారు కొందరు. పండుగకై పల్లెలనుండి వచ్చి, సభలను నిషేధించిరను సంగతియే యెరుగనివారు కొందరు. చుట్టును ఇండ్ల గోడలు. ప్రవేశమార్గము మిక్కిలి యిరుకు. జనరల్ డయ్యరు 50 మంది తుపాకిదారులను లోనికి నడిపించి, హెచ్చరిక యొక్కటియు లేకయే కాల్పుడని యాజ్ఞాపించెను. సుమారు 10 నిమిషములలో 1,650 గుండ్లు ప్రేలెను. ప్రభుత్వపు లెక్క ప్రకారమే 379 మంది మరణించిరి. కాంగ్రెసువారి విచారణలో తేలిన సంఖ్య అంతకు చాల హెచ్చు. గుంపును చెదరగొట్టుట మాత్రమే గాక, పంజాబంతటను భయము నాటుకొనునట్లు చేయుట తన యుద్దేశమని డయ్యరు హంటరు విచారణ సంఘము నెదుట దాచక చెప్పెను.

డయ్యరును గూర్చి చరిత్రకారులు విస్తారముగా వ్రాసియున్నారు. నన్ను కలతపెట్టునది ఆ 50 మంది సంగతి. వారు తెల్లవారు కారు. గూర్ఖాలును, భారతీయ సిపాయీలును. ఎదుటనున్న జనముతో వారికి పగ లేదు. అందు పసిబిడ్డలు నుండిరి, వృద్ధులు నుండిరి. జనము దట్టముగా నున్న దిక్కునకు గురిపెట్టుమన్న పెట్టిరి, ఆపుమన్న ఆపిరి. ఇండ్లలో వారు క్రూరులని చెప్పుటకు మన కాధారమేమియు లేదు. బిడ్డలనెత్తుకొని ముద్దాడిన చేతులే అవి. అట్టి చేతులట్టి పని యెట్లు చేసెను?

ఈ ప్రశ్నను పరీక్షింపదలచి 1961లో అమెరికా దేశపు యేల్ విశ్వవిద్యాలయమున స్టాన్లీ మిల్‌గ్రామ్ అను మనశ్శాస్త్రజ్ఞుడొక ప్రయోగము చేసెను. సామాన్య గృహస్థులను పిలిపించి, ప్రక్కగదిలో పాఠమప్పగించువాడు తప్పు చెప్పినపుడెల్ల ఒక మీట నొక్కి విద్యుత్తు తగిలింపుమనెను. తప్పునకు తప్పునకు 15 వోల్టుల చొప్పున హెచ్చించుచు 450 వరకు పోవలెను. నిజమునకు విద్యుత్తు ప్రసరించుట లేదు. లోనివాడు బాధను నటించుచుండెను. ఆ సంగతి మీట నొక్కువారెరుగరు. వారు వెనుదీసినపుడు పర్యవేక్షకుడు కొట్టలేదు, బెదరింపలేదు; కొనసాగింపుమని మాత్రము శాంతముగా చెప్పెను. 40 మందిలో 26 మంది కడవరకు నొక్కిరి! అనేకులకు చెమటలు పట్టెను, చేతులు వణకెను, అయినను నొక్కిరి. బరువు తమది కాదు, చెప్పినవానిది యనుకొనుటయే ఇందలి రహస్యము. మరియు మొదటి మీట మిక్కిలి స్వల్పమైనది. దానిని నొక్కినవానికి రెండవదానిని కాదనుటకు కారణము దొరకదు.

అయితే ఈ ప్రయోగముననే యొక యాశాకిరణమును గలదు. ఇంకొక పర్యాయము ప్రక్కన కూర్చున్న యిద్దరు “మే మీ పని చేయము” అని లేచిపోవునట్లేర్పాటు చేయగా, 40 మందిలో 36 మంది మధ్యలోనే మానివేసిరి. ఒకని నోట ‘కాదు’ అను మాట వెడలిన, ప్రక్కవాని గొంతును పెగలును.

ఈ మాటకు చరిత్రలోని నిదర్శనమే నేను చెప్పదలచిన రెండవ ఘట్టము. 1930వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీ. ఉప్పు సత్యాగ్రహపు దినములు. పెషావరు నగరమున నాయకులను నిర్బంధింపగా కిస్సాఖానీ బజారులో పఠానులు గుమిగూడిరి. సాయుధ శకటములు జనముపై నడచెను, కాల్పులు జరిగెను, అనేకులు నేలకొరిగిరి. ఆ సందర్భమున రాయల్ గఢ్వాల్ రైఫిల్స్ పటాలములోని సిపాయీలు, హవల్దారు చంద్రసింగు గఢ్వాలీ ముందునిలువగా, నిరాయుధులపై తుపాకి కాల్చుటకు నిరాకరించిరి. కాల్చుమన్నవారు దొరలు, కాల్పవలసినవారు హిందువులు, ఎదుటనున్నవారు ముస్లిములు. అయినను చేతులు లేవలేదు. ఆ సిపాయీలు తమ తుపాకులను అధికారులపైకి త్రిప్పలేదు, పారిపోలేదు. ఆయుధములప్పగించి నిర్బంధమునకు లోబడిరి. సైనిక న్యాయస్థానము చంద్రసింగునకు యావజ్జీవ శిక్షయు, తక్కిన పలువురకు దీర్ఘకాల కారాగారమును విధించెను. చంద్రసింగు 1941లో గాని విడుదల కాలేదు.

ఇచ్చట పెద్దలకొక సందేహము కలుగవచ్చును. ప్రతి సిపాయియు ఆజ్ఞను తర్కించినచో సైన్యమెట్లు నిలుచును? ప్రతి కుమారుడును తండ్రి మాటను తూచినచో ఇల్లెట్లు నిలుచును? ఈ సందేహము మహాత్మా గాంధీకే కలిగెను. ప్రమాణము చేసిన సిపాయి యాజ్ఞ మీరుట దోషమే యనియు, తాను అధికారమునకు వచ్చిన దినమున వారట్లే చేసిన నేమగుననియు భావము వచ్చునట్లు ఆయన యొక ఫ్రెంచి విలేఖరికి ప్రత్యుత్తరమిచ్చెను. 1931లో ఇర్విన్ ప్రభువుతో జరిగిన యొడంబడిక వలన ఆ సిపాయీలకు విడుదల లభింపలేదు.

మహాత్ముని సందేహము త్రోసివేయదగినది కాదు. కాని మన పురాణములీ విషయమున నొక గీటురాయి నిచ్చినవని నా నమ్మకము. శ్రీరాముడు తండ్రి మాట పాటించెను; పరశురాముడును తండ్రి మాట పాటించెను. రాముడు పాటించిన యాజ్ఞ బరువు రాముని తలపైననే పడెను. అరణ్యమునకు తాను పోయెను. పరశురాముడు పాటించిన యాజ్ఞ తల్లి కంఠముపై పడెను. రెండును పితృవాక్యపాలనమే, రెండును ఒకటి కావు. ఆజ్ఞ బరువు తనపై పడినపుడు ఓర్చుకొనుట వినయము. అన్యుని కంఠముపై పడునపుడు ఆగి యాలోచించుట ధర్మము. గఢ్వాలీ సిపాయీలు ఆజ్ఞ మీరిరి. మీరినందులకు కలిగిన బరువును తమ తలపైననే మోసిరి. అట్టి నిరాకరణము వలన ఏ రాజ్యమును కూలిపోదు.

ప్రపంచ న్యాయశాస్త్రమును పిమ్మట ఈ దారికే వచ్చెను. 1945లో నూరెంబర్గు న్యాయస్థానమున కేర్పడిన శాసనము, పై యధికారి యాజ్ఞ యున్నంత మాత్రమున బాధ్యత తొలగదనియు, శిక్ష తగ్గించుటకు మాత్రము దానిని పరిగణింపవచ్చుననియు నిర్ణయించెను.

ఇది సిపాయీల కథ యనియు, మన గ్రామములతో దీనికి పనిలేదనియు తలపవలదు. ఆనాడు దొరతనమువారి శాసనము పల్లెలో నడచినది కరణము, మునసబుల చేతులమీదుగనే గదా. 1921-22లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో గ్రామోద్యోగులనేకులు రాజీనామా లీయగా పన్నుల వసూలు ప్రభుత్వమునకు దుష్కరమయ్యెను. చేయి తొలగిన శాసనమునకు నడక లేదు.

మరియు గ్రామమున ఆజ్ఞ యిచ్చువారు పెద్దలైన మీరే. ఫలాన యింటివారిని వెలివేయవలెనని రచ్చబండ మీద నొక మాట పుట్టును. నాటినుండి అంగడివాడు ఉప్పు అమ్మడు; మంగలి గడప త్రొక్కడు; బావికడ స్త్రీలు మొగము త్రిప్పుకొందురు. అడిగిన, “పెద్దలు చెప్పిరి” అందురు. పెద్దల నడిగిన, “మేమెవరిపై చేయి చేసికొంటిమి?” అందురు. ఆ యింటి బిడ్డల దాహమునకు లెక్క చెప్పువాడెవడును ఉండడు.

కావున ఆజ్ఞ యిచ్చునపుడు, ఈ పనిని నా చేతులతో నేను చేయగలనా యని మొదట ప్రశ్నించుకొనుడు. సభలో నొక చిన్నవాడు లేచి “ఇది న్యాయము కాదేమో” అన్నచో కసరి కూర్చుండబెట్టకుడు. కౌరవ సభలో ద్రౌపదికై నోరు విప్పిన వికర్ణుడు చిన్నవాడే; నాడు వాని మాట మన్నించియుండినచో కురువంశము నిలిచియుండెడిది.

నా శిష్యుడు నాకు చెప్పిన సమాధానము నేటికిని నా చెవిలో మ్రోగుచున్నది. అట్టి సమాధానము మీ గ్రామమున నే బిడ్డ నోటను వినబడకుండుగాక.

స్వస్తి.