బావి ఆగినా చమురు అయిపోదు: గ్యాస్, నురగతో వెలికితీత ఇలా

గల్ఫ్‌లో మనవాళ్లు పనిచేసే ఇళ్లలో అప్పుడప్పుడు వినిపించే మాట: "అక్కడ చమురు అయిపోతే మనవాళ్ల గతి ఏంటి?" నిజానికి బావి నుంచి చమురు రావడం తగ్గినంత మాత్రాన అడుగున అయిపోయినట్టు కాదు. చాలాచోట్ల సగానికి పైగా కిందే ఉండిపోతుంది.

చమురు భూమి లోపల చెరువులా నిలిచి ఉండదు. తడిసిన ఇటుకలో నీళ్లలాగా ఇసుకరాయి, సున్నపురాయి పొరల్లోని సన్నని రంధ్రాల్లో ఇమిడి ఉంటుంది. మొదట్లో లోపలి ఒత్తిడే దాన్ని పైకి నెడుతుంది. అలా వచ్చేది సాధారణంగా పది శాతం ప్రాంతమే. తర్వాత నీళ్లు పంపి నెడతారు. రెండూ కలిపినా చాలా క్షేత్రాల్లో 20 నుంచి 40 శాతమే చేతికొస్తుంది. మిగిలినదాని కోసం చేసే ప్రయత్నమే మూడో దశ.

గ్యాస్ ఏం చేస్తుంది?

కార్బన్ డయాక్సైడ్, సహజ వాయువు, నైట్రోజన్‌లలో ఏదో ఒకటి బావిలోకి పంపిస్తారు. కార్బన్ డయాక్సైడ్ తగినంత ఒత్తిడిలో చమురులో కలిసిపోతుంది. అప్పుడు చమురు ఉబ్బి, పలచబడి, రాయిని వదిలి కదులుతుంది. అమెరికాలోని టెక్సాస్‌లో సాక్‌రాక్ క్షేత్రంలో 1972 నుంచే ఈ పని పెద్ద ఎత్తున జరుగుతోంది.

మరి నురగ ఎందుకు?

గ్యాస్ చమురు కంటే తేలిక, బాగా పలచన. అందుకే సులువుగా దారి దొరికే పొరల్లోంచి దూసుకుపోయి అవతలి బావిలో తేలుతుంది. పక్కనున్న చమురు కదలకుండా అలాగే ఉంటుంది. దీనికి విరుగుడుగా నీళ్లు కొంతసేపు, గ్యాస్ కొంతసేపు మార్చి మార్చి పంపిస్తారు.

అది కూడా చాలకపోతే నీళ్లలో సబ్బులాంటి రసాయనం కలుపుతారు. గ్యాస్ తగలగానే రాతి రంధ్రాల్లోనే నురగ కడుతుంది. గ్యాస్ దూసుకుపోయే దారిని ఆ నురగ అడ్డగిస్తే, గ్యాస్ పక్క పొరల వైపు మళ్లుతుంది. చాలా రకాల నురగలు చమురు తగిలితే విరిగిపోతాయి. అదీ ఒక విధంగా మేలే. చమురు ఖాళీ అయిన చోట నురగ నిలుస్తుంది, చమురు ఉన్న చోట దారి ఇస్తుంది.

నార్వేలోని స్నోర్ క్షేత్రంలో 1990ల చివర్లో ఇలా చేసి చూస్తే గ్యాస్ తొందరగా బయటపడటం తగ్గింది. అయితే ఎక్కువ వేడి, ఉప్పు నీళ్లు నురగను దెబ్బతీస్తాయి. రాయి కూడా రసాయనాన్ని పీల్చేసుకుంటుంది. గల్ఫ్ సున్నపురాయి క్షేత్రాల్లో ఈ చిక్కులు ఎక్కువే.

గల్ఫ్‌లో పరిస్థితి

సౌదీలోని ఘవార్ క్షేత్రంలో ఒక భాగం పేరు ఉస్మానియా. హైదరాబాదీలకు ఈ పేరు కొత్తేం కాదు. అక్కడ 2015 నుంచి అరామ్‌కో సంస్థ ఏటా సుమారు 8 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ పంపేలా ఏర్పాటు చేసింది. అది హవియా గ్యాస్ ప్లాంట్ నుంచి 85 కిలోమీటర్ల పైపులైన్‌లో వస్తుంది. అబుదాబిలో 2016 నుంచి ఉక్కు కర్మాగారంలో పట్టిన వాయువును రుమైతా, బాబ్ క్షేత్రాలకు పంపుతున్నారు. దాంతో అంతకుముందు బావుల్లోకి పంపే సహజ వాయువు కొంత వేరే అవసరాలకు మిగులుతోంది.

ఒమన్ ఉత్పత్తి 2001 తర్వాత పడిపోయి 2007 నాటికి రోజుకు ఏడు లక్షల బ్యారెళ్ల దగ్గరికి దిగింది. గ్యాస్, ఆవిరి, రసాయనాల పద్ధతులు తోడై, 2015 నాటికి మళ్లీ దాదాపు పది లక్షలకు చేరింది.

గుర్తుంచుకోవాల్సినవి

పంపిన కార్బన్ డయాక్సైడ్‌లో చాలా భాగం భూమిలోనే ఉండిపోతుంది. కానీ అదనంగా తీసిన చమురు కాలిస్తే మళ్లీ పొగ తప్పదు. ఈ లెక్కలో రెండు వైపులూ చూడాలి.

ఇక ఉద్యోగాల సంగతి. క్షేత్రం పాతబడితే పని ఆగిపోదు, మారుతుంది. కంప్రెసర్లు, పైపులైన్లు, కొత్త బావులు కావాలంటే వెల్డర్లు, ఫిట్టర్లు, ఆపరేటర్లు కావాల్సిందే. కానీ ఈ పద్ధతులకు ఖర్చు ఎక్కువ. చమురు ధర పడిపోయినప్పుడు ముందుగా వాయిదా పడేవి ఇలాంటి పనులే. కాబట్టి గల్ఫ్ మీద ఆధారపడ్డ కుటుంబాలు "చమురు ఎప్పుడు అయిపోతుంది" అన్నదానికంటే "ధర ఎటు పోతోంది" అన్నదాని మీద కన్నేసి ఉంచడం మంచిది.