నూనె కింది తుప్పు



మన సరిహద్దు జిల్లాల్లో బొంబాయి పేరు వినని ఇల్లు ఉండదు. ఈ తరంలో కాకపోతే పై తరంలో, ఎవరో ఒకరు బతుకుదెరువు కోసం అక్కడికి పోయినవారే. చిన్నతనంలో నేను కూడా ఒక వానాకాలం కామాటిపురలో మా మేనమామ గదిలో గడిపాను. గదిలో ఒక మూల ఊరి నుంచి తెచ్చుకున్న ట్రంకుపెట్టె ఉండేది. నెల తిరిగాక దాన్ని జరిపితే, కింద బండమీద పెట్టె కొలతకు సరిగ్గా ఎర్రని మరక కనిపించింది. మా ఊళ్ళో చూరులో చెక్కిన కొడవలి ఆరునెలలకు తీసినా ఇంతగా పాడు కాదు. ఇక్కడెందుకిట్లా అని అడిగితే మామ, "ఇక్కడి గాలిల ఉప్పుంటది అల్లుడా, అది ఇనుమును తింటది" అన్నాడు.

మామ చదువుకున్నవాడు కాదు. కాని ఆయన అన్న మాటలోని నిజం తుపాకులు వాడే సైన్యాల విషయంలో శాస్త్రీయంగా రుజువు కావడానికి 1922 దాకా పట్టింది. ఆ కథే ఇవాళ మీకు మనవి చేస్తాను.

ముందుగా ఆ చోటు సంగతి. బొంబాయి ఒకప్పుడు ఏడు దీవులు. నడుమ పల్లపు నేలల్లోకి సముద్రపు పోటు వచ్చిపోతుండేది. గవర్నరు హార్న్‌బీ కాలంలో మహాలక్ష్మి నుంచి వర్లీ వైపు కట్టిన అడ్డుకట్ట 1784 ప్రాంతంలో పూర్తయింది. పోటునీరు ఆగి, వెనుకనున్న బురదనేల మెల్లగా ఆరింది. 1795 ప్రాంతాల నుంచి నిజాం రాజ్యంలోని తెలుగు సీమ వారు కూలిపనికి వచ్చి ఆ నేల మీద కుదురుకున్నారు. కామాటి అంటే కూలిపని చేసే మనిషి. వారి పేరే ఆ పేటకు నిలిచింది. అంటే కామాటిపుర పుట్టిందే ఉప్పునీరు తీసిన నేల మీద.

ఇక తుప్పు. ఇనుమును నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిసి పట్టుకుంటే తుప్పు. వాన నేరుగా పడనక్కరలేదు. గాలిలో తేమ 60 శాతం దాటితే, కంటికి కనిపించని నీటిపొర ఇనుము మీద నిలవడం మొదలవుతుంది. బొంబాయిలో జూలై మాసంలో అది 80 శాతం దాటుతుంది. అక్కడ ఏటా కురిసే వాన 2,000 మిల్లీమీటర్లకు పైమాటే. ఆదిలాబాదులో కురిసేది దాదాపు అందులో సగం. పైగా సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు తేమను పిలిచి కూర్చోబెడుతుంది, తుప్పును తొందరపెడుతుంది.

ఉక్కు ఎంత మేలురకమైనా దీనికి మినహాయింపు కాదు. మన నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం పారశీక వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. దానితో చేసిన కత్తులు లోకప్రసిద్ధం. అయినా ఆ కత్తికి కూడా నూనె పట్టించి ఒరలో పెట్టవలసిందే. పదును వేరు, తుప్పు పట్టకపోవడం వేరు.

తుపాకికి ఈ బెడద మరీ ఎక్కువ. కత్తిని తుడిస్తే రెండు వైపులా కనిపిస్తుంది. తుపాకి గొట్టం లోపల చూపు ఆనదు, వేలు దూరదు.

తుపాకితో మనవాళ్ళకున్న సంబంధం చిన్నది కాదు. 1756లో క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకు తీసుకుపోయిన సిపాయిల్లో తెలుగువాళ్ళుండేవారు. అక్కడివారు ఆ సిపాయిలను 'తిలంగా'లన్నారు. కొన్నాళ్ళకు ఏ ప్రాంతపు సిపాయికైనా అదే పేరైంది. 1857 తిరుగుబాటు నాటి ఢిల్లీలో సైతం సిపాయిలను తిలంగాలనే పిలిచారు. ఒక చోట తెలుగువాడి చేతికి తుపాకి వచ్చింది, మరొక చోట పార వచ్చింది. తడిగాలితో పోరు మాత్రం ఇద్దరికీ తప్పలేదు.

ప్లాసీ యుద్ధం జరిగింది 1757 జూన్ 23న, వానాకాలం మొదట్లో. నడుమ గట్టి వాన కురిసింది. క్లైవు మనుషులు మందుగుండును టార్పాలిన్లతో కప్పుకున్నారు. నవాబు వైపు మందు తడిసిపోయింది. తేమ యుద్ధాల గతినే మార్చగలదనడానికి ఇదొక ఉదాహరణ.

ఆనాటి నల్లమందు సూరేకారం, గంధకం, బొగ్గు కలిపి చేసినది. అది కాలితే గొట్టంలో మిగిలే మసిలో సగానికి పైగా లవణాలే. ఆ లవణాలు గాలిలోని చెమ్మను పీల్చుకుంటాయి. ఒక్క రాత్రి అట్లాగే వదిలేస్తే గొట్టం తుప్పెక్కుతుంది. కాబట్టి తుపాకి పేల్చినవాడు ముందు నీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆ తరవాత నూనె పట్టించేవాడు. ఉప్పు నీటిలో కరుగుతుంది గాని నూనెలో కరగదు. ఆ కారణం తెలియకపోయినా పద్ధతి చేతికి తెలుసు.

గొట్టం వెలుపలి వైపును మాత్రం కవాతులో తళతళలాడాలని ఇటుకపొడితో రుద్దించేవారు. రుద్దిన కొద్దీ లోహం అరిగి గొట్టం పలచబడేది. పందొమ్మిదో శతాబ్దంలో దీనికి విరుగుడు బాగా వ్యాపించింది. మందునీళ్ళు పూసి కావాలనే పలచగా తుప్పు పట్టనివ్వడం, వదులు పొరను గీకివేయడం, మళ్ళీ పూయడం. ఇట్లా చాలాసార్లు చేస్తే గట్టి గోధుమరంగు పొర నిలుస్తుంది. దాన్నే మరిగే నీటిలో ముంచితే ఎర్రతుప్పు నల్లని ఐరన్ ఆక్సైడుగా మారుతుంది. ఆ పొర నూనెను పట్టి ఉంచుతుంది. ముల్లును ముల్లుతోనే తీయాలన్నట్టు, తుప్పును తుప్పుతోనే ఆపారన్నమాట.

పందొమ్మిదో శతాబ్దం చివర పొగరాని మందు వచ్చింది. మసి తగ్గింది. ఇక నీళ్ళతో పనిలేదు, నూనె చాలునని చాలామంది అనుకున్నారు. కాని తుడిచి, నూనె రాసి దాచిన రైఫిళ్ళ గొట్టాల్లో కొన్నాళ్ళకు మళ్ళీ గుంటలు పడ్డాయి. మందులోని ఆమ్లాలే కారణమని కొందరు, తుడవడంలో అశ్రద్ధ అని కొందరు అన్నారు. 1922లో అమెరికా గనుల శాఖలో పనిచేసిన విల్బర్ట్ హఫ్ అనే శాస్త్రజ్ఞుడు అసలు దోషిని పట్టుకున్నాడు. తూటా అడుగున నిప్పురవ్వ పుట్టించే రసాయనంలో పొటాషియం క్లోరేటు ఉండేది. అది పేలాక పొటాషియం క్లోరైడుగా మిగిలేది. అది మన వంటుప్పుకు దగ్గరి చుట్టం. నూనె దాన్ని కరిగించలేదు, పైన దుప్పటిలా కప్పిందంతే. తేమ మెల్లగా నూనెపొరను దాటి ఉప్పును చేరి, కింద తన పని తాను చేసుకుపోయింది. హఫ్ తన నివేదిక పేరులోనే నూనె పొరల కింది తుప్పు అన్న మాట పెట్టాడు.

నివారణ మళ్ళీ పాతదే. మరిగే నీళ్ళు గొట్టంలో పోయడం, ఆ వేడికే లోపల ఆరనివ్వడం, తరవాత నూనె. .303 రైఫిలు వాడిన సిపాయిలకు ఇది పరిచయమైన పనే. ఎన్.సి.సి.లో చేరిన శ్రోతలకు పుల్‌త్రూ తాడు, దానికి తగిలించే చిందీ గుర్తుండే ఉంటాయి. నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు ఉన్న గుడ్డపేలిక అది. చిన్నదే గాని, తుపాకి ఆయుష్షు దాని మీదనే ఆధారపడింది.

తరవాత క్లోరేటు లేని తూటాలు వచ్చాయి, లోపల క్రోమియం పూత వేసిన గొట్టాలు వచ్చాయి. రైఫిలు గొట్టాల అరుగుదలను ఆపే ఉక్కు కోసం వెతుకుతూనే 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ క్రోమియం కలిసిన తుప్పుపట్టని ఉక్కును తయారుచేశాడు. మన వంటింటి స్టీలు గిన్నె ఆ కుటుంబానిదే. అయినా ఉప్పుగాలికి దాని మీద కూడా చుక్కలు పడుతూనే ఉంటాయి.

ఇప్పుడు మళ్ళీ మామ గది దగ్గరికి వద్దాం. హఫ్ నివేదిక వచ్చిన ఆ సంవత్సరాల్లోనే బొంబాయిలో డెవలప్‌మెంటు డిపార్టుమెంటు వారు మిల్లు కార్మికుల కోసం చాళ్ళు కట్టిస్తున్నారు. వాటినే బి.డి.డి. చాళ్ళంటారు. వర్లీ, నాయిగాం, డిలైల్ రోడ్డు, శివడీలలో కలిపి 207 భవనాలు. ఒక్కొక్క కుటుంబానికి 160 చదరపు అడుగుల గది. మన జిల్లాల నుంచి పోయిన నేతపనివారు, మిల్లు కూలీలు వర్లీ చాళ్ళలో తరాల తరబడి కాపురమున్నారు.

అవి ఇనుపకడ్డీలు వేసిన కాంక్రీటు కట్టడాలు. కొత్త కాంక్రీటు క్షారగుణం కడ్డీకి కవచంలా ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఆ గుణాన్ని తగ్గిస్తుంది. పగుళ్ళలోంచి తేమ, ఉప్పు దిగుతాయి. కడ్డీ తుప్పు పడితే ఆ తుప్పు ఇనుము కంటే రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు ఆక్రమిస్తుంది. లోపలి నుంచి తోసి కాంక్రీటును పెచ్చులుగా ఊడదీస్తుంది. ఊడిన చోట సిమెంటు మెత్తి సున్నం వేస్తే గోడ కొత్తగా కనిపిస్తుంది. కాని కింద ఉప్పు ఉండనే ఉంది. ఇది కూడా నూనె కింది తుప్పే. తుపాకి పాడైతే వేటు తప్పుతుంది. చాళ్ళో కడ్డీ పాడైతే పడుకున్న పిల్లల మీద కప్పు పడుతుంది.

ఆ పాత చాళ్ళ స్థానంలో ఇప్పుడు కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. 2025 ఆగస్టులో వర్లీలో తొలి విడతగా 556 కుటుంబాలకు తాళంచెవులు అందాయి. సంతోషమే. అయితే ఆ కొత్త గోడలకు వీచేదీ అదే సముద్రపు గాలి.

శ్రోతలారా, ఈ చరిత్ర చెప్పేది ఒక్కటే. కప్పడం బాగుచేయడం కాదు. లైసెన్సు తుపాకి అయినా, దుక్కి సామాను అయినా, ఇంటి కప్పు అయినా, ముందు ఉప్పును కడగాలి, లేదా చెడిన భాగాన్ని తీసివేయాలి. తరవాత ఆరనివ్వాలి. నూనె గాని, రంగు గాని, సున్నం గాని చివరిది. తుపాకిని తోలు ఒరలో దాచకండి, తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది. చేతి చెమటలోనూ ఉప్పే ఉంటుంది గనుక, ముట్టుకున్నాక తుడిచి పెట్టండి.

మా మామ గదిలోని పెట్టె కింద బండను ఆ వానాకాలం ఎన్నిసార్లు కడిగామో గుర్తు లేదు. పెట్టె అడుగును కడిగి ఆరబెట్టాలన్న ఆలోచన మాత్రం మాకు రాలేదు. మీకు వస్తే ఈ ప్రసంగం సార్థకమైనట్టే.

సెలవు.