ముసల్ది కదలడం లేదు

మీ వీపు స్టోరు గది గోడకి ఆనుకుని ఉంది. గోడ వణుకుతోంది. ఇటుక గోడ కూడా వణుకుతుందని మీకు ఇవాళే తెలిసింది. బయట సరివి చెట్లు ఒకదాని వెనక ఒకటి ఒరిగిపోతున్నాయి గానీ విరిగే చప్పుడు మీదాకా రావడం లేదు. గాలి హోరులో అన్నీ కలిసిపోతున్నాయి. రైలు వంతెన కింద నిలబడితే నెత్తిమీద గూడ్సు బండి పోతున్నట్టుంది. గూడ్సు బండయితే ఎప్పటికో అప్పటికి అయిపోతుంది. ఇది తెల్లవారుజాము నుంచీ పోతూనే ఉంది.

2014 అక్టోబరు 12, ఆదివారం. విశాఖపట్నం జూ పార్కు. మామూలు ఆదివారమైతే ఈ వేళకి హైవే వైపు గేటు దగ్గరా సముద్రం వైపు గేటు దగ్గరా జనం పోటెత్తి ఉండేవాళ్లు. ఇవాళ సముద్రమే లోపలికి వచ్చేలా ఉంది. తుపాను పేరు హుద్‌హుద్. ఆ పేరిచ్చింది ఒమన్ దేశం. తలమీద కుచ్చుతో ముద్దుగా ఉండే కూకుడుగువ్వని అరబ్బీలో అలా పిలుస్తారు. పేరుదేముంది లెండి.

మీ ఒళ్లో తాళంచెవుల గుత్తి ఉంది. నిన్న సాయంత్రమే పులుల్నీ సింహాల్నీ ఆరుబయటి ఆవరణల్లోంచి నైట్ హౌసుల్లోకి తోలి గడియలు వేశారు. చెట్టు పడి కంచె తెగితే అవి బయటికి పోకూడదు. అటు ఎండాడ, ఇటు సాగర్‌నగర్, మధ్యలో 625 ఎకరాల జూ.

పక్కనే కంబాలకొండ అడవి. అక్కడా చిరుతలున్నాయి, నక్కలున్నాయి, దుప్పులున్నాయి. వాటికి ఎవరూ తలుపులు వేయలేదు. గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుని, ఏ బండ చాటుకో ఏ లోయలోకో ఈపాటికే పోయి ఉంటాయి. అన్నీ బతుకుతాయని కాదు. ఎటు పోవాలో అవే చూసుకుంటాయి. మీరు గడియ వేసినవాటి బదులు ఆ పని మీరు చూడాలి.

నిన్న రాత్రి ఇంటినుంచి ఫోను వచ్చింది. "ఎంత జీతమిస్తున్నారని అక్కడ పడుంటావు?" అని. ఏం చెప్పాలో తోచలేదు. తాళంచెవులు నా దగ్గరున్నాయి అన్నారు. అవతల కాసేపు మాట లేదు. తర్వాత సిగ్నలూ లేదు.

పన్నెండు దాటింది. హోరు ఆగిపోతుంది.

ఎవరో స్విచ్చి కట్టేసినట్టు ఆగిపోతుంది. చెవుల్లో గుయ్‌మంటుంది. తలుపు సందులోంచి తెల్లటి వెలుతురు వచ్చి పడుతుంది. మీరు లేవబోతారు. బాబాయ్ మీ మోచెయ్యి పట్టుకుంటాడు. పాతికేళ్లుగా ఈ పనిలో ఉన్న మనిషి. పొద్దున్నుంచీ వెలిగించని బీడీ ఒకటి నోట్లో అలాగే ఉంది.

"ఆగిపోనాదని సంబరపడకు. తుపాను కన్ను ఇది. ఎనకాతల ఇంకో సగం ఉంది. ఈపాలి అటేపు నుంచి కొడతాది."

ఇప్పటిదాకా ఈశాన్యం నుంచి కొట్టింది. ఇక నైరుతి నుంచి. మధ్యలో మీకు దొరికిన టైము ఎంతో ఎవరికీ తెలియదు. పావుగంట కావచ్చు, ముప్పావుగంట కావచ్చు.

బయటికొస్తే దారి లేదు. దారి ఉండాల్సిన చోట చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. నిలబడి ఉన్న చెట్లకి ఆకు లేదు. నలిగిన ఆకు పసరు వాసన ముక్కుకి కొడుతోంది, పెదాలు నాకితే ఉప్పగా ఉన్నాయి. కొమ్మల మీంచి దూకుతూ, కొమ్మల కింద దూరుతూ పోతున్నారు. ఎక్కడో రేసుకుక్క ఈల వేస్తోంది. మరొకటి బదులిస్తోంది. అమ్మయ్య, అవి బతికే ఉన్నాయి.

ఆ రేసుకుక్కల సంగతి వేరు. అడవుల్లో వాటి సంఖ్య పడిపోతోందని, ఇక్కడ పిల్లల్ని పెట్టించి జాతిని నిలబెట్టే పని ఈ జూకి అప్పగించారు. ఎప్పటికైనా వాటి మనవలో మునిమనవలో అడవి తొక్కుతాయన్న ఆశ ఉంది. ఆ షెడ్డు తాళంచెవి మీ చేతికి కొంచెం తేలిగ్గా ఉంటుంది. మీరిప్పుడు పోతున్న షెడ్డుది అలా ఉండదు.

అది రెస్క్యూ సెంటర్. టికెట్టు కొన్నవాళ్లకి కనబడదు. 1998లో కేంద్ర ప్రభుత్వం సింహం, పులి, చిరుత, ఎలుగుబంటి, కోతి ఈ ఐదింటితో ఆటలాడించకూడదని ఉత్తర్వు ఇచ్చింది. సర్కసుల వాళ్లు కోర్టుకెక్కారు, 2001లో సుప్రీంకోర్టులో ఓడిపోయారు. మరి బోనుల్లో ఉన్నవాటిని ఏం చేయాలి? విశాఖపట్నం, తిరుపతి, బన్నేరుఘట్ట లాంటి చోట్లకి లారీల్లో చేర్చారు. గిర్ అడవికి పంపేయొచ్చు కదా అని మీరూ మొదట్లో అడిగారు. వేట రాదు. పైగా చాలావాటిలో ఆఫ్రికా సింహాల రక్తమూ మన సింహాల రక్తమూ కలిసిపోయాయి. అసలు జాతిలో కలపకూడదు. అందుకే పిల్లలూ పుట్టకూడదు. బతికినన్నాళ్లు తిండి పెట్టాలి, చివరిది పోయాక తలుపు మూసేయాలి. దయతో చేస్తున్న పనే ఇది. అయినా ఆ మాట అనుకున్నప్పుడల్లా మీకు ఎక్కడో గుచ్చుకుంటుంది.

షెడ్డు వచ్చింది.

పెద్ద చెట్టు ఒకటి అడ్డంగా పడి ముందరి ఆవరణ కంచెని నేలకి అణిచేసింది. దాని కొమ్మ మూడో గది కప్పులోకి దిగబడింది. రేకులు సగం లేవు. ఊచలు గట్టిగానే ఉన్నాయి. కానీ నైరుతి గోడ మీద, కప్పు నుంచి కిందిదాకా, మీ వేలు దూరేంత పగులు.

ఇక గాలి వచ్చేది అటునుంచే.

మూడో గదిలో ముసల్ది ఉంది. అసలు పేరు రిజిస్టరులో ఉంటుంది, మీరంతా ముసల్దనే అంటారు. పద్దెనిమిదేళ్లు పైబడ్డ ఆడసింహం. కోరలు మొద్దుబారాయి. నడిస్తే వెనక కాళ్లు తడబడతాయి. మూల, నీళ్లలో, ముడుచుకుని పడుకుంది. ముంగాళ్ల మధ్య తల.

పక్కది రెండో గది. ఖాళీ. కప్పు బాగుంది. మధ్యలో జారుడు తలుపు. గొలుసు మీ చేతి దగ్గరే, ఊచలకి ఇవతల. లాగుతారు. తలుపు కిర్రుమంటూ లేస్తుంది.

ముసల్ది కదలదు.

పిలుస్తారు. చెవి కూడా ఆడించదు. బాబాయ్ సంచిలోంచి మాంసం ముక్క తీసి రెండో గదిలోకి విసురుతాడు. చూడదు.

మత్తు ఇవ్వొచ్చా? డాక్టరుగారు రావాలంటే రోడ్డు ఉండాలి. వచ్చి డార్టు వేసినా మందు ఎక్కడానికి పది నిమిషాలు. మత్తులో తల నీళ్లలో పడితే? ఆ గుండె తట్టుకుంటుందా? వద్దు. లోపలికి దిగి తోలొచ్చా? ముసల్దే కావచ్చు. సింహం.

వదిలేసి పోవచ్చా?

పోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. గోడ నిలబడొచ్చు కూడా. పడిందా, ముసల్ది కింద నలిగిపోతుంది. లేదంటే బయట ఉంటుంది, కూలిన కంచె అవతల, బెదిరిపోయి. అప్పుడు తుపాకీ తప్పదు. ఆ మాట బాబాయ్ ఎత్తలేదు. మీరూ ఎత్తలేదు. అదెక్కడుందో ఇద్దరికీ తెలుసు.

ఆకాశం నైరుతి మూల నల్లబడుతోంది.

"ఒక దారుంది," బాబాయ్ అంటాడు. మీ వైపు చూడడు. "కర్ర తీసుకో. ఊస మీద కొట్టు. మూడు దెబ్బలు."

మీకు అర్థమవుతుంది. ఈ షెడ్డులోకి కర్ర తేకూడదని మీకు మొదటి రోజే చెప్పింది ఈయనే. ముసల్ది వచ్చిన కొత్తలో ఎవరో తెలియక చీపురు కర్రతో ఊచ మీద టకటకా కొట్టారట. అంతే, అది లేచి, బోర్లించిన తొట్టి ఎక్కి, ముంగాళ్లు రెండూ గాల్లోకి ఎత్తి కూర్చుందట. ఎవరూ దిగమనలేదు కాబట్టి దిగలేదట. కాళ్లు వణుకుతున్నా. ఆ కథ చెప్పినప్పుడు బాబాయ్ బీడీ ఆరిపోయింది.

అది మర్చిపోవాలని ఇన్నేళ్లు ఎవరూ ఇక్కడ కర్ర ఎత్తలేదు.

కింద కొమ్మలు బోలెడు పడి ఉన్నాయి. ఒకటి తీస్తారు. చేతికి సరిపోయింది.

చెట్ల మొదళ్లలో గాలి కదులుతోంది. వచ్చేస్తోంది.

కొట్టండి.

ఒకటి.

ముసల్ది కళ్లు తెరుస్తుంది.

రెండు.

చెవులు వెనక్కి. ఒళ్లు నేలకి అంటుకుంటుంది. పళ్ల మధ్య నుంచి బుస్సుమంటుంది.

మూడు.

లేస్తుంది. వెనక కాలు జారుతుంది. మళ్లీ లేస్తుంది. తలుపు కింద నుంచి, కడుపు నేలకి ఈడుస్తూ, రెండో గదిలోకి. గొలుసు వదలండి! తలుపు ధడేల్మని పడుతుంది. గడియ. తాళం. పరుగు.

గాలి మీద పడుతుంది. రేకు ఒకటి తలమీంచి పోతుంది. బాబాయ్ చొక్కా పట్టుకుంటారు. ఏమీ కనబడదు. ఊపిరి ఆడదు. గోడ. స్టోరు గది గోడ. లోపలికి.

ఎంతసేపో తెలియదు. గంటకి 180 కిలోమీటర్లు దాటిన గాలి అని తర్వాత చెప్తారు. లోపల మీకు తెలిసేది ఒక్కటే. కర్ర ఇంకా మీ చేతిలోనే ఉంది.

తెల్లారింది. కంబాలకొండ కాలిపోయినట్టు ఉంది, పచ్చటి చుక్క ఎక్కడా లేదు. కరెంటు లేదు. పంపు లేదు. మాంసం బండి ఎప్పుడు వస్తుందో తెలియదు. బావిలోంచి బకెట్టుతో తోడి షెడ్డు షెడ్డుకీ మోయాలి.

మూడో గది నైరుతి గోడ సగం కూలింది. ముసల్ది పడుకున్న మూల ఇటుకల గుట్ట. బాబాయ్ దానివైపు చూసి తల ఊపుతాడు. మంచి పనే చేశావన్నట్టు.

రెండో గది ముందు నిలబడతారు. ముసల్ది పడుకునే అరుగు మీద ఉంది. పడుకుని లేదు, కూర్చుని ఉంది. మాంసం ముక్క వేసినచోటే ఉంది. తొట్టిలో నీళ్లు పోస్తారు. నిన్నంతా తాగలేదు, దాహంతో ఉంటుంది. నీళ్ల చప్పుడికి దిగి రావాలి.

దిగదు. నీళ్ల వైపు చూడదు, మీ ముఖం వైపూ చూడదు. మీ కుడిచేతినే చూస్తోంది. బకెట్టు కింద పెట్టి, రెండు చేతులూ చాపి చూపిస్తారు. ఏమీ లేదు, చూడు. ఖాళీ.

ముసల్ది ముంగాలు ఒకటి మెల్లగా లేస్తుంది.