సీమ పలుకు, ఒక నటుని గొంతు

నంద్యాల నుండి ఆళ్ళగడ్డకు పోవు బస్సులో ఎడమవైపున కూర్చున్నవారికి దారి పొడవునా నల్లమల కొండలు తోడు వచ్చును. కుడివైపున నల్లరేగడి చేలు కుందేటి దిక్కుగా వాలి ఉండును. ఈ దారిలోనే సిరివెళ్ళ అను ఊరు కలదు. బస్సు అక్కడ నిలిచినప్పుడు ఎక్కువారి మాటలు, దిగువారి మాటలు చెవిని పడును. ‘యాడికప్పా’ అని ఒకరు అడుగుదురు. ‘ఏమబ్బీ’ అని మరియొకరు పలుకరింతురు. మేము పెరిగినది ఈ పలుకులోనే. అయితే తెలుగువారందరి చెవులకును దీనిని చేర్చినది రేడియోలో పనిచేయు మావంటి వారు కాదు. ఆ సిరివెళ్ళలో పుట్టిన నటుడు జయప్రకాశ్ రెడ్డి గారు.

ఆయన కథకు ముందు నంద్యాల కథ ఒకటి చెప్పవలసి ఉన్నది. 1800లో నిజాము ఈ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి అప్పగించిన నాటి నుండి వీటికి ‘దత్త మండలములు’ అనియే పేరు. ఇచ్చినవాడొకడు, పుచ్చుకొన్నవాడొకడు, నడుమనున్న జనులకు పేరు లేదు. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలలో చిలుకూరి నారాయణరావు గారు ఈ ప్రాంతమునకు ‘రాయలసీమ’ అను పేరును సూచించినారు. సభ దానిని అంగీకరించినది. నారాయణరావు గారు శ్రీకాకుళము వైపు వారు, అనంతపురము కళాశాలలో అధ్యాపకులు, తరువాత ‘ఆంధ్ర భాషా చరిత్రము’ వ్రాసిన పండితులు. ఒక భాషావేత్త మా సీమకు పేరు పెట్టుట మాకు ఎప్పుడును సంతోషము కలిగించు విషయము. పేరు దొరకినది గాని, నలుగురిలో పలుకుటకు గొంతు మాత్రము మరి డెబ్బది యేండ్లకు గాని దొరకలేదు.

సీమలో నటులు లేక కాదు. తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ గారి వంటి నటుడు ఏ భాషలోనైనను అరుదు. సురభి నాటక సమాజము 1885లో మొలకెత్తినది కడప జిల్లాలోని సురభి గ్రామముననే. కాని ఆనాటి రంగస్థలము పద్యమునకును, పౌరాణిక పాత్రలకును నెలవు. కీచకుడు ఏ జిల్లా యాసతోను పలుకడు. కళింగాంధ్రమునకు ‘కన్యాశుల్కము’ దొరకినది. 1892లో విజయనగరములో అది ప్రదర్శింపబడినప్పుడు మంచివాడు, మాయగాడు, వేశ్య, వితంతువు అందరును అక్కడి వాడుక మాటలోనే నవ్వించి ఏడ్పించినారు. మా పలుకునకు అటువంటి అదృష్టము పట్టలేదు.

జయప్రకాశ్ రెడ్డి గారి తండ్రి పోలీసు శాఖలో ఉద్యోగి. అందుచేత వారి బాల్యము నెల్లూరులోను, అనంతపురములోను గడచినది. తరువాత ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించి, గుంటూరులో స్థిరపడినారు. బడి విడిచిన తరువాత నాటకము; ఇది మన దేశములో వేలమంది ఉపాధ్యాయుల జీవిత విధానమే. ఆయన రంగస్థల నటనను చూచిన దాసరి నారాయణరావు గారు చలనచిత్ర నిర్మాత రామానాయుడు గారికి పరిచయము చేసినారు. 1988లో ‘బ్రహ్మపుత్రుడు’తో చిత్రరంగ ప్రవేశము జరిగినది. అయినను తరువాతి తొమ్మిదేండ్లలో ఆ ముఖము ప్రేక్షకులకు జ్ఞాపకముండునంతటి పాత్ర లభింపలేదు. ఆ కాలములో మరియొకరైనచో నటనకే స్వస్తి చెప్పి ఉందురు.

1997లో ‘ప్రేమించుకుందాం రా’ వచ్చినది. అందులో కర్నూలు జిల్లా ముఠా నాయకుని పాత్ర ఆయనది. మేము ఆ చిత్రమును నంద్యాలలో చూచినాము. తెరమీద మొదటి మాట వినగనే చుట్టునున్నవారు ఒక్క క్షణము నివ్వెరపోయి, పిమ్మట ఈలలు వేసినారు. విలనుకు ఈలలు వేయుట వింతయే. కాని వారు వేసినది విలనుకు కాదు. తమ యింటి మాట తెరమీద వినబడినందుకు. ఆ నటుడు కేకలు పెట్టి భయపెట్టలేదు. గొంతు తగ్గించి, మాట చివరను కొంచెము సాగదీసి, కన్ను ఆర్పక చూచినాడు. మాటకు మాటకు నడుమ ఎంతసేపు ఆగవలెనో మైక్రోఫోను ముందు పనిచేయువారు ఏండ్ల తరబడి నేర్చుకొను విద్య. ఆయన దానిని రంగస్థలము మీద నేర్చుకొనినట్లున్నది.

1999లో ‘సమరసింహా రెడ్డి’ విడుదలయైనది. 2001లో ‘నరసింహ నాయుడు’, మరుసటి ఏడు ‘ఇంద్ర’, ‘ఆది’; ముఠా కక్షల చిత్రములు వరుసగా వచ్చినవి. 2000 నాటి ‘జయం మనదేరా’లో ప్రతినాయక పాత్రకు జయప్రకాశ్ రెడ్డి గారికి నంది పురస్కారము లభించినది. 1995 నుండి తెలుగు ప్రైవేటు టెలివిజన్ ఛానళ్ళు ఇండ్లలోనికి వచ్చి యుండుటచే, ఈ చిత్రములు సినిమాహాలుతో ఆగక, పండుగకొకసారి, ఆదివారమునకొకసారి నట్టింటిలో ఆడజొచ్చినవి. నంద్యాలను ఎన్నడును చూడనివారికి మా ఊరు ఆ పెట్టెలోనే పరిచయమైనది. కొడవలి, నాటుబాంబు, పేలిపోవు జీపు. వాని నడుమ మా పలుకు.

మా ప్రాంతములో ముఠా కక్షలు లేవని మేము చెప్పజాలము. భూమి పేర, పెత్తనము పేర కుటుంబములు నశించిన గ్రామములను మేము ఎరుగుదుము. కాని 1906 నుండి నంద్యాలలో వ్యవసాయ పరిశోధన క్షేత్రము నడచుచున్నది. కె.సి. కాలువ నీటితో పండు సోనా బియ్యము దూర ప్రాంతములవారు కోరి తిందురు. ఆళ్ళగడ్డ శిల్పులు మలచిన విగ్రహములు ఎన్నియో గుడులలో నిలచి ఉన్నవి. ఆ రైతు, ఆ శిల్పి మాటలాడునదియు ఇదే పలుకు. వారు తెరమీదికి ఎక్కలేదు. ఈ లోపమును నటుని మీద మోపుట అన్యాయము. దొరకిన పాత్రను ఆయన నిజాయితీగా పలికినాడు.

మా లోపమును గూడ ఒప్పుకొనవలెను. చాల యేండ్ల క్రిందట ఒక కేంద్రములో మేము ఆడిషన్ బల్ల వద్ద ఉండగా ఆళ్ళగడ్డ వైపు నుండి ఒక అమ్మాయి వచ్చినది. స్పష్టమైన గొంతు, నదురు లేని చదువు. మేము కాగితము మీద ‘యాస కలదు’ అని వ్రాసి పక్కన పెట్టితిమి. కొన్నాళ్ళకు ఒక నాటకములో రౌడీ పాత్రకు సీమ యాస కావలసి వచ్చినది. కృష్ణా తీరపు నటుని పిలిపించి, ఆ సినిమాలలోవలె పలుకుమని చెప్పినది మేమే. ఆ అమ్మాయి మరల రాలేదు. ఇప్పటికిని ఆ కాగితము మాకు జ్ఞాపకము వచ్చుచుండును.

తరువాతి కాలములో జయప్రకాశ్ రెడ్డి గారే ఈ చిక్కును కొంత విప్పినారని మా అభిప్రాయము. ‘ఎవడి గోల వాడిది’ (2005), ‘రెడీ’ (2008), ‘కిక్’ (2009) వంటి చిత్రములలో ఆయన హాస్యము పండించినారు. మునుపు ఏ పలుకు విని పిల్లలు జడిసికొనిరో, అదే పలుకు విని కడుపుబ్బ నవ్విరి. భయము పోయిన పిదప భాష మిగిలినది. ఇంత పేరు వచ్చిన తరువాత గూడ ఆయన రంగస్థలమును విడువలేదు. ‘అలెగ్జాండర్’ అను నాటకములో వేరొక పాత్రధారి లేకుండ తానొక్కరే రంగము మీద నిలచి ప్రేక్షకులను కదలనీయక కూర్చుండబెట్టినారు. అందులో కొడవలి లేదు, ముఠా లేదు. ఆయన ఎంతటి నటుడో తెలియగోరువారికి మేము చెప్పునది ఆ నాటకము పేరే.

2020 జనవరిలో ‘సరిలేరు నీకెవ్వరు’లో ఆయన కనబడినారు. ఆ సెప్టెంబరు 8వ తేదీన గుంటూరులో గుండెపోటుతో మరణించినారు. 2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల ప్రత్యేక జిల్లా అయినది. సిరివెళ్ళ ఇప్పుడు ఆ జిల్లాలోని ఊరు.

మొన్న ఆ దారిన పోవుచు పక్కనున్న ఒక పెద్దాయనను ఆ నటుని గూర్చి అడిగితిమి. ఆయన చాలసేపు ఏమియు పలుకలేదు. సినిమాలలో ఆయన చేసిన హత్యలను గూర్చి గాని, నవ్వులను గూర్చి గాని ఎత్తలేదు. అతడు మాట మార్చుకొనలేదని మాత్రము చెప్పి, బస్సు నిలువగనే సంచి భుజమున వేసికొని సిరివెళ్ళలో దిగిపోయినాడు.