చలినాళ్ల లెక్క: ఓరుగల్లు సీమలో గరిసెయు తైబందియు

మన చరిత్రగ్రంథములలో యుద్ధమునకు సంవత్సరము, తిథి, వారము దొరకును. విత్తనపు కడవకు దొరకవు. ఓరుగంటి కోటను గూర్చి వ్రాసినవారు రాతిప్రాకారమును కొలిచిరి, తోరణములను వర్ణించిరి, 1323వ సంవత్సరమున ప్రతాపరుద్రుని రాజ్యము కూలిన విధమును చెప్పిరి. ఆ ప్రాకారమునకు ఆవల నాలుగు మళ్ల మాగాణియు రెండెకరముల చెలకయు గల కాపు ఇంట మార్గశిరమాసమున ఏమి జరుగుచుండెనో అడిగినవారు అరుదు. మేమీ వ్యాసమున ఆ యింటి ముంగిటనే కొంతసేపు నిలువదలచితిమి.

ఈ సీమలో వానయంతయు ఇంచుమించుగా జూను మొదలు సెప్టెంబరు లోపలనే కురిసిపోవును. మిగిలిన యెనిమిది నెలలకు నీరు కావలెనన్న నిలువచేసికొనవలసినదే. కాకతీయులు దీనిని చక్కగా నెరిగిరి. గణపతిదేవుని సేనాని రేచెర్ల రుద్రుడు 1213లో పాలంపేట దేవాలయమును కట్టించెను. ఆ గుడికి దాపుననే రామప్ప చెరువు కలదు. నర్సంపేట ప్రాంతమునందలి పాఖాల చెరువు బయ్యన నాయకుని కుమారుడు జగదాల ముమ్మడి కట్టించినదని శాసనము చెప్పుచున్నది. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున ధర్మకీర్తిసముద్రమను చెరువు త్రవ్వించి శాసనము వేయించినది. కాకతీయుల వంశక్రమమును మనము తెలిసికొనుటకు ఆ శాసనము ముఖ్యమైన ఆధారములలో నొకటి. స్త్రీకి పేరు నిలుపుకొనుటకు రాతియందు చోటు దొరకిన యరుదైన తావులలో ఇది యొకటి గనుక చదువరులు దీనిని మరువరాదని మా కోరిక. చెరువు కట్టించుట సప్తసంతానములలో నొకటియని ఆ కాలమువారి నమ్మకము. కట్టించినవానికి, కాపాడినవానికి దశబంధమను పేర ఫలములో భాగము ముట్టుచుండెను. పుణ్యముతోపాటు గింజలును కలిసివచ్చుటచేతనే కాబోలు కట్టలు అంతకాలము నిలిచినవి!

ఇక చలికాలము మాట. వానకాలపు వరి కార్తిక మార్గశిరములలో కోతకు వచ్చును. నిజాముల కాలపు దఫ్తరములలో దీనికి ఆబీయని పేరు. చెరువున మిగిలిన నీటితో పుష్యమాఘములందు నాటు రెండవ పంటకు తాబీయని పేరు. ప్రజలు దానిని యాసంగియందురు. ఒకచేత కొడవలి, వేరొకచేత రాబోవు నారుమడి తలపు: ఈ రెండును ఒకే మాసమున నుండుటయే ఈ సీమ రైతు చలికాలము. రాత్రులు కళ్లమునొద్ద కావలి. కురుమలు నల్లగొఱ్ఱెల ఉన్నితో నేసిన గొంగడియే పఱుపు, అదియే దుప్పటి, వాన వచ్చిన అదియే గొడుగు. పగలు నూర్పిడి, తూర్పార. గడ్డిని వామి వేయుట. చెలకలో కందికాయ ముదురుచున్నదో లేదో చూచుట. మిరపతోటలో తొలి పండు ఏరుట. ఇంటిలోనివారికి కుంపటియొద్ద చేతులు కాచుకొను తీరిక తెల్లవారుజామున మాత్రమే దొరకును.

తీరికలేని ఈ దినములలోనే ఊరివారందఱు ఒకచోట కూడి చేయవలసిన లెక్క యొకటి యుండెను. దానిపేరు తైబంది. వానలు వెనుకపట్టిన పిమ్మట చెరువులో నీరు ఎంతవఱకు నిలిచినదో చూచి, ఆ నీరు ఎన్ని యెకరముల యాసంగికి చాలునో, ఎవరెన్ని మళ్లు నాటవలెనో నాట్లకు ముందే నిర్ణయించుటకు తైబందియని పేరు. నిండిన యేట మాట తేలిక. మత్తడి దుముకని యేట ఆ నిర్ణయములో కొందఱి మాగాణి బీడు పడవలసివచ్చును. ఇట్టి సంగతి ముందే తెలిసికొన్న రైతు ఆ మళ్లలో పెసలో నువ్వులో చల్లుకొనును. తెలియక నారుపోసినవాడు చైత్రమున ఎండిన వెన్నును చూచి ఏడ్చును. మాకు ఇందు మెచ్చదగినదిగా తోచునది నీటిని కొలుచు నేర్పొకటే కాదు. నష్టమును నలుగురి యెదుట ముందే ఒప్పుకొను ధైర్యము. అయితే ఆ నలుగురిలో దొరయు నుండెను, పట్వారియు నుండెను. బలవంతుని మడికి తూము దగ్గఱ, బీదవాని మడికి దూరమగుట ప్రతియూర వినబడిన ఫిర్యాదే. తూము తెఱచు నీరటి వానరాత్రులందు కట్టమీద మేల్కొని, చలిరాత్రులందు మడినుండి మడికి నీరు మరల్చి, అందఱి పంటను కాచును. పంటలో ఆయనకు దక్కునది మేర మాత్రమే. తైబంది కూటమున ఆయన మాటకు విలువ యెంతయో వేఱ చెప్పనక్కరలేదు.

ఊరి లెక్క యిట్లుండగా ఇంటి లెక్క వేఱు. కళ్లము నుండి వడ్లు వచ్చి గరిసెలో పడును. వెదురుతో అల్లి పేడతో అలికిన ఆ గరిసెయే ఇంటి ఖజానా. మూడు పుట్ల వడ్లు, అనగా 60 తూములు, చేతికి వచ్చినవనుకొందము. గత ఆషాఢమున తిండికిని విత్తనమునకును షావుకారియొద్ద నాగు తెచ్చినవి 12 తూములు. నాగనగా గింజకు గింజ అప్పు. ఒకటికి ఒకటిన్నర తీర్చవలెను. కావున 18 తూములు ముందే వెడలినవి. ఆయగాండ్ర మేరలకు 4, వచ్చు పంటల విత్తనమునకు 5, శిస్తు కట్టుటకై అమ్మినవి 10. మిగిలినవి 23. దంచిన కొలతకు సగము బియ్యము. అనగా పదకొండున్నర తూములు, 184 మానికలు. దినమునకు ఒక్క మానిక వండినను ఆఱు నెలలు. మార్గశిరమున ఎక్కిన గరిసె జ్యేష్ఠమునకు అడుగంటును. మరల ఆషాఢము, మరల షావుకారి గుమ్మము. వడ్డీగా పోయిన 6 తూములు ఇంటనే యున్నచో 48 మానికల బియ్యమగును; ఆ యింటివారు ఆషాఢమును దాటి శ్రావణమున కాలుపెట్టగలరు. చెలకలోని జొన్నలు రొట్టెయై, గటకయై మధ్యమధ్య ఆదుకొనును. యాసంగి పండిన ఊపిరి పీల్చుకొందురు. అందుచేతనే తైబందిలో ఒక మడి దక్కుట, దక్కకపోవుట అంత పెద్దమాట.

ఈ లెక్క వ్రాయువారు లేరు, నడిపినది ఇల్లాలు. కంకులలో నిండైనవానిని ఏరి వేఱ నూర్చుట, విత్తులకు బూడిద కలిపి వేపాకు పొరలు పఱచి కడవకెత్తుట, మూతిని పేడతో మెత్తుట, సొర, బీర, చిక్కుడు గింజలను పొయ్యిమీది పొగ తగులునట్లు వ్రేలగట్టుట, ఇవియన్నియు ఆమె పనులు. పొగకు పురుగు చేరదు. సంక్రాంతికి క్రొత్తబియ్యపు పిండిలో నువ్వులు, వాము కలిపి సకినాలు చుట్టునప్పుడు సైతము ఎన్ని మానికల పిండి తడుపవలెనో ఆమె గరిసెవైపు చూచియే నిర్ణయించును. ఆకలిగొన్న బిడ్డ యెదుట విత్తనపు కడవను తెఱవక ఆషాఢము వఱకు దాచిన గుండె నిబ్బరమును ఏ శాసనమును చెక్కలేదు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఈ కడవకు క్రొత్త శత్రువు వచ్చినది. హైదరాబాదు ప్రభుత్వము రైతులయొద్ద నిర్బంధముగా లెవీ ధాన్యమును వసూలుచేసెను. పెద్ద భూస్వాముల గరిసెలు తప్పించుకొనుటయు, చిన్నవాని తిండిగింజలు సైతము కొలతకెక్కుటయు ప్రజల యాగ్రహమునకు ముఖ్యకారణములలో నొకటియైనది. వెట్టిని, లెవీని ప్రతిఘటించిన ఉద్యమములో 1946 జూలై 4న కడవెండియందు దొడ్డి కొమరయ్య తుపాకిగుండుకు నేలకొరిగెను. అది ఆషాఢమాసము, ఈ సీమలో గరిసెలు అడుగంటు కాలము.

తరువాతి దశాబ్దములలో బావులపై మోటకు బదులు కరెంటు మోటారు వచ్చినది, పిమ్మట బోరుబావి వచ్చినది. ఎవరి నీరు వారి చేలోనే దొరకినందున చెరువుకట్టపై కూటములు పలుచనైనవి. పూడిక పేరుకొని, శిఖము కబ్జాలపాలై, కట్టలు తెగినవి. నీటిమట్టము దిగజారినకొలది బోరులోతు పెరిగినది, దానితో అప్పును పెరిగినది. నాగు గింజలలో నుండగా ఇది రూపాయలలో నున్నది. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయయను పేర చెరువుల పూడిక తీయింప మొదలిడినపుడు ఆ ఒండ్రుమట్టిని రైతులు ట్రాక్టరులతో తమ చేలకు తోలుకొనిరి. మునుపు వేసవిలో బండ్లతో తోలినదియు ఆ మట్టియే.

చెరువులు నిండినచోట రెండవ పంటకు మరల నీరు వచ్చినది. తూములకు క్రొత్త తలుపులు పెట్టిరి. వానిని తెఱచి మూయుటకు, కట్టపై గండి పడకుండ రాత్రి చూచుటకు నీరటి వంటివాడొకడు కావలెను. ఆయనకు మేర ఎవరు కొలువవలెనను ప్రశ్న పెక్కు ఊళ్లలో నింకను తేలలేదు.