టపాసంచిని మోసిన విమానము

విమానమనగానే మనకు మనుష్యులు కూర్చుండి పోవు వాహనము స్ఫురించును. కాని మన దేశమున విమానమును తొలినాళ్లలో పోషించినవాడు ప్రయాణికుడు కాడు, పోషించినది ఉత్తరము. కంపెనీలు ఆ సంగతి గుర్తుంచుకొన్నంతకాలము బ్రదికినవి. మరచినపిమ్మట ఏమైనవో చెప్పుటకే నేటి ప్రసంగము.

1911 ఫిబ్రవరి 18 వ తేదీన అలహాబాదు ప్రదర్శనమునకు వచ్చిన హెన్రీ పెకే యను ఫ్రెంచి యువకుడు యమునానది దాటి నైనీ వరకు సుమారు 6 మైళ్లు ఎగిరి 6,500 ఉత్తరములను దింపెను. సర్కారువారి అనుమతితో విమానముమీద టపా సాగుట లోకమున అదియే మొదలు. పట్టిన కాలము 13 నిమిషములు. వేడుక ముగియగానే ఆ టపాయు ముగిసెను. పిమ్మట చాలకాలము మన టపా రైలుబండినే నమ్ముకొనియుండెను.

1929 లో ఇంపీరియల్ ఎయిర్వేసువారు లండను నుండి కరాచీ వరకు విమానసేవ నారంభించిరి. అపుడొక వింత పుట్టినది. వేలకొలది మైళ్లు ఆకాశమున వచ్చిన ఉత్తరము కరాచీలో దిగి, అటుపిమ్మట బొంబాయికి, మదరాసుకు రైలులో మెల్లగా ప్రయాణము చేయవలసివచ్చెను. ఈ లోటును కనిపెట్టినవాడు నెవిల్ విన్సెంటు. ఆంగ్లేయ వైమానిక దళమున పనిచేసినవాడు. ఆయన తన యోచనను జె. ఆర్. డి. టాటాకు చెప్పెను. టాటా ఆ సంవత్సరము ఫిబ్రవరి 10 వ తేదీననే విమానచోదకుని పట్టా, ఈ దేశమున మొదటి సంఖ్య గలదానిని, పొందియుండెను. పెట్టుబడి 2 లక్షల రూపాయలు. సర్కారువారితో ఉత్తరప్రత్యుత్తరములకు మూడేండ్లు పట్టెను. తుదకు వారంగీకరించినది, మోసిన టపాకు కూలి యిచ్చుట మాత్రమే. నష్టము వచ్చిన భరింతుమని వారు మాట యీయలేదు.

1932 అక్టోబరు 15 వ తేదీ ఉదయమున టాటా కరాచీలోని ద్రిగ్ రోడ్డు మైదానమునుండి పుస్ మాత్ అను చిన్న విమానమున బయలుదేరెను. బరువు 55 పౌనుల టపా. తోడు మాటాడుటకు రేడియో లేదు. త్రోవ చూపువారు లేరు. అహమ్మదాబాదులో దిగగా పెట్రోలు డబ్బాలు ఎద్దుబండిమీద వచ్చెను! ఆకాశరథమునకు ఎద్దుబండి యాహారము తెచ్చినదన్నమాట. మధ్యాహ్నమునకు బొంబాయిలోని జుహూ చేరెను. అక్కడనుండి విన్సెంటు మరియొక విమానమున దక్షిణమునకు సాగి, ఆ రాత్రి బళ్లారిలో నిలిచి, మరునాడు మదరాసు చేరెను. అప్పటికి బళ్లారి దత్తమండలములలోని జిల్లా కేంద్రము, మదరాసు రాజధానిలోనిది. బొంబాయి మదరాసుల నడుమ విమానమునకు ఆశ్రయమిచ్చినది ఆ ఊరే.

జుహూ మైదానము సముద్రతీరమున నుండుటచే వానకాలమున నీట మునిగెడిది. అపుడు విమానములను పూనాకు తరలించెడివారు.

తొలి సంవత్సరపు లెక్క చూడుడు. ఎగిరినది 1,60,000 మైళ్లు. టపా పదిటన్నుల పైచిలుకు. ప్రయాణికులు ఏడాది మొత్తమునకు 155 మంది. అనగా రెండు దినములకొకడైనను లేడు. అయినను లాభము 60,000 రూపాయలు. మనుష్యులు ఎక్కకున్నను కంపెనీ నిలిచినది ఉత్తరములవలన గాదా? 1938 లో సామ్రాజ్య వైమానిక టపా పథకము వచ్చి, ఉత్తరములు అదనపు రుసుము లేకయే విమానమునెక్కగా, టాటావారి రాబడి మరింత పెరిగెను. ఈ సేవకు మూలపురుషుడైన విన్సెంటు మాత్రము 1942 లో యుద్ధకాలమున ఇంగ్లాండునకు విమానమున పోవుచు మరణించెను.

యుద్ధము ముగిసినపిమ్మట అమెరికను సేనలు విడిచిన డకోటా విమానములు చౌకగా దొరకెను. ధనము గలవారు పలువురు కంపెనీలు పెట్టిరి. విమానము చౌకయైనంతమాత్రమున దానిని నడుపుట చౌక యగునా? పెట్రోలు, మరమ్మతు సామానులు, చోదకుల జీతములు తప్పవు. నిండని ఆసనములతో ఎగిరినను ఖర్చు తగ్గదు. అంబికా, జూపిటర్ మొదలగు కంపెనీలు కొలది కాలములోనే మూతపడెను.

హైదరాబాదున నిజాము ప్రభుత్వమును టాటాలును కలిసి 1945 లో స్థాపించిన దక్కన్ ఎయిర్వేసు ఈ గుంపులో కొంత గట్టిది. దాని నెలవు బేగంపేట. ఇతర కంపెనీలు ఆడుదానికి విమానము నప్పగించుటకు జంకుచుండగా, ప్రేమ్ మాథుర్ అను యువతికి చోదకురాలిగా ఉద్యోగమిచ్చిన కీర్తియు దీనిదే.

1949 జనవరిలో రాత్రి టపా ఆరంభమయ్యెను. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మదరాసులనుండి నాలుగు విమానములు చీకటి పడినపిమ్మట బయలుదేరి నడిరేయి నాగపురమున కలిసికొనెడివి. సంచులను మార్చుకొని తెల్లవారునప్పటికి ఎవరియూరు వారు చేరెడివారు. ఈ యేర్పాటు కమ్యూనికేషన్సు శాఖ మంత్రి రఫీ అహమ్మద్ కిద్వాయి పట్టుదల ఫలము. నేలమీది సాధనములు చాలవని టాటా ఆక్షేపించెను. ఏప్రిలునుండి లోనాటి ఉత్తరములకు అదనపు రుసుము తీసివేసిరి. కొంతకాలమునకు రాత్రిసేవ దక్కన్ ఎయిర్వేసు చేతికి వచ్చెను. ఉత్తరము మరల విమానమును పోషింపబూనినది గాని, అప్పటికే కంపెనీలు ఎక్కువ, టపా తక్కువ.

1950 లో రాజాధ్యక్ష గారి విచారణ సంఘము, ఉన్న రాబడికి ఇన్ని కంపెనీలు నిలువజాలవని తేల్చెను. కొన్నిటిని కలిపివేసిన చాలునని కొందరనిరి. సర్కారే తీసికొనవలెనని మరికొందరు. టాటా రెండవ మాటను గట్టిగా వ్యతిరేకించెను. ఆయన వాదనలో బలము లేకపోలేదు గాని, ఆస్తికి మించిన అప్పులు గల కంపెనీలను కలిపిన మాత్రమున డబ్బు పుట్టునా యని నా సందేహము. 1953 ఆగస్టు 1 వ తేదీన ఎనిమిది కంపెనీలు ఇండియన్ ఎయిర్లైన్సులో కలిసెను. వానిలో దక్కన్ ఎయిర్వేసు ఒకటి. విదేశములకు నడుచు ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ సర్కారువారి వేరొక సంస్థ యయ్యెను. దానికి టాటాయే అధ్యక్షుడుగా నుండెను.

ఆ రెండు సంస్థలును తరువాత ఒకటియై, అప్పులపాలై, 2022 జనవరి 27 వ తేదీన మరల టాటాల వశమయ్యెను. వారు చెప్పిన వెల 18,000 కోట్లు. అందు 15,300 కోట్లు పాత అప్పు, 2,700 కోట్లు రొక్కము.